మొదటిసారి మసాయి మారా సఫారీకి వెళ్తున్న జంటలు అడ్వాన్స్ కట్టే ముందు లెక్క ఎలా వేసుకోవాలి

మేమిద్దరం మూడేళ్ళు చీటీ కట్టి, ఆ డబ్బుతో కెన్యా వెళ్ళొచ్చాం. పెళ్ళయి పదేళ్ళయింది, ఇద్దరికీ చిన్నప్పటి నుంచి టీవీలో సింహాలని చూసిన పిచ్చి ఉంది, ఒక్కసారైనా కళ్ళారా చూడాలనుకున్నాం. ప్యాకేజీ 2,55,000, విమానం టికెట్లు 1,05,000, మొత్తం 3,60,000 అవుతుందని డైరీలో రాసుకుని బయల్దేరాం. ఇంటికొచ్చి బిల్లులన్నీ ముందు పెట్టుకుని కూడితే 4,62,000 తేలింది. ఎక్కడా దుబారా చేయలేదు, షాపింగ్ అంటూ తిరగలేదు. ఆ లక్షా రెండు వేలలో దాదాపు సగం, ముందే తెలిసి ఉంటే మిగిలేది. మిగతా సగం ఎలాగూ తప్పదు, కానీ ముందే పక్కన పెట్టుకుని ఉంటే అక్కడ ప్రతి పూటా ఫోన్లో డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసుకుంటూ కూర్చునేవాళ్ళం కాదు. అందుకే ఇదంతా వరసగా రాస్తున్నాను, మీరు అడ్వాన్స్ కట్టక ముందే చదువుకోండి.

సఫారీ అంటే స్వాహిలీలో ప్రయాణం అని అర్థం. మన హైదరాబాద్‌లో వినే ‘సఫర్’ అన్న మాటా అదీ ఒకే అరబ్బీ మాట నుంచి వచ్చినవే. నాకు ఈ సంగతి అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

ముందు తేదీ తేల్చుకోండి, హోటలూ బండీ తర్వాత

చాలామంది సెలవు ఎప్పుడు దొరికితే అప్పటికి ప్యాకేజీ అడుగుతారు. మేమూ అదే చేశాం, దానికే అన్నిటికన్నా ఎక్కువ మూల్యం చెల్లించాం. మసాయి మారా నేషనల్ రిజర్వ్, అంటే వన్యప్రాణుల రక్షిత ప్రాంతం, కెన్యాలోని నరోక్ కౌంటీ ప్రభుత్వం కింద ఉంటుంది, ఎంట్రీ ఫీజు వాళ్ళే పెడతారు. 2024 నుంచి విదేశాల నుంచి వచ్చే పెద్దవాళ్ళకి జనవరి నుంచి జూన్ దాకా తలకి రోజుకి 100 డాలర్లు, జూలై నుంచి డిసెంబర్ దాకా 200 డాలర్లు. జూన్ 30 సాయంత్రానికీ జూలై 1 ఉదయానికీ మధ్య రేటు రెండింతలవుతుంది.

మా ప్రయాణం జూన్ 29 నుంచి. మారాలోకి జూన్ 30న వెళ్ళి జూలై 3న బయటికి రావాలి. ఏప్రిల్‌లో మేము మాట్లాడుకున్న ట్రావెల్స్ వాళ్ళు మూడు రోజులకీ జూన్ రేటే వేసి కొటేషన్ ఇచ్చారు. నైరోబీలో హోటల్లో టిఫిన్ తింటుంటే అక్కడి టూర్ మనిషి వచ్చి ఒక కాగితం చేతిలో పెట్టాడు. జూలై 1, 2 తేదీలకి ఇద్దరికీ కలిపి ఇంకో 400 డాలర్లు కట్టాలి, కడితేనే బండి కదులుతుంది. డాలరు అప్పుడు 86 రూపాయల దగ్గర ఉంది, అంటే 34 వేల పైమాట. మా ఆయన కార్డు తీసి గీకారు, ఇద్దరం మాట్లాడకుండా సామాన్లు బండిలో పెట్టుకున్నాం. ఆ రోజు ఐదారు గంటల ప్రయాణంలో సగం దారి దాకా మా మధ్య మాటల్లేవు. డబ్బు పోయిందన్న బాధ కన్నా ఆ సగం రోజు పోయిందన్న బాధే నాకు ఇప్పటికీ ఎక్కువగా ఉంది.

ఇంకో సంగతి. అంత రేటు పెట్టి జూలై మొదటి వారంలో వెళ్ళినా వైల్డబీస్ట్ (ఆవులా ఉండే పెద్ద జింక జాతి) మందలు మాకు కనబడలేదు. టాంజానియాలోని సెరెంగెటి నుంచి అవి గడ్డి వెతుక్కుంటూ ఉత్తరానికి వస్తాయి, మారా నది దాటే దృశ్యాలు సాధారణంగా జూలై చివర నుంచి సెప్టెంబర్, అక్టోబర్ దాకా ఉంటాయి. వానలని బట్టి అటూ ఇటూ అవుతుంది, ఫలానా రోజున దాటతాయని ఎవరూ మాట ఇవ్వలేరు. ఎవరైనా మాట ఇస్తే ఆ ఒక్క కారణం చేత వాళ్ళ దగ్గర బుక్ చేయకండి.

కాబట్టి రెండిట్లో ఒకటి గట్టిగా అనుకోండి. నది దాటడమే చూడాలంటే ఆగస్టు, సెప్టెంబర్ పెట్టుకుని 200 డాలర్ల రేటుకి సిద్ధపడండి. సింహాలు, ఏనుగులు, చీతాలు, జిరాఫీలు చాలు అనుకుంటే జనవరి, ఫిబ్రవరి చాలా మంచివి. నేల పొడిగా ఉంటుంది, రేటు సగం, మారాలో స్థిరంగా ఉండే జంతువులు ఎటూ పోవు. జూన్ కూడా బాగుంటుంది, కానీ నెలాఖరు లోపే బయటికి వచ్చేలా చూసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో పెద్ద వానలు, గదులు చవగ్గా వస్తాయి గానీ బురదలో బండ్లు దిగబడతాయి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను ఆ నెలలు చెప్పను.

టికెట్ గంటల లెక్క పెన్ను పట్టుకుని వేసుకోండి

ఈ భాగం నెమ్మదిగా చదవండి. మా దగ్గర దీన్ని ఎవరూ విడమరిచి చెప్పలేదు.

ఒకప్పుడు ఈ టికెట్ 24 గంటలు చెల్లేది. ఇప్పుడు ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకా, 12 గంటలే. మీరు మధ్యాహ్నం 3 గంటలకి గేటు దాటినా ఆ రోజు టికెట్ మొత్తం కట్టాల్సిందే, చేతిలో మిగిలేది మూడు గంటలు. మేము జూన్ 30న సరిగ్గా అదే చేశాం, నైరోబీ నుంచి పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి సెకెనానీ గేటు చేరి, లోపల ఉన్న లాడ్జికి వెళ్ళాం. ఇద్దరికీ 200 డాలర్లు పెట్టి దక్కింది ఒక్క సాయంత్రం.

ఇలా చేయండి. మొదటి రాత్రి రిజర్వ్ బయట, గేటుకి దగ్గర్లో ఉన్న క్యాంపులో ఉండండి. సెకెనానీ, తాలెక్ గేట్ల దగ్గర అన్ని ధరల్లోనూ క్యాంపులున్నాయి, లోపలి లాడ్జిల కన్నా బాగా తక్కువ. సాయంత్రం విశ్రాంతి తీసుకుని మర్నాడు ఉదయం 6 గంటలకి గేటు దగ్గర ఉంటే అదే టికెట్‌కి పన్నెండు గంటలూ దక్కుతాయి. మధ్యాహ్నం భోజనం డబ్బాలో కట్టించుకుని లోపలే చెట్టు కింద తినండి, క్యాంపుకి వచ్చి మళ్ళీ వెళ్దామనుకుంటే అదే టికెట్‌తో తిరిగి రానిస్తారా లేదా ముందే అడిగి పెట్టుకోండి.

లోపల లాడ్జిలో ఉంటే ఇంకో నిబంధన ఉంది. బయటికి వెళ్ళే రోజు ఉదయం 10 లోపు గేటు దాటాలి, దాటకపోతే ఆ రోజుకి కూడా టికెట్ కట్టాలి. అది ఎలా ఉంటుందో చెప్తాను.

జూలై 3 ఉదయం ఆరున్నరకి సామానంతా బండిలో పెట్టుకుని గేటు వైపు తిరుగుతూ బయల్దేరాం. తొమ్మిది దాటాక ఒక చెదల పుట్ట మీద చీతా కనబడింది. మన చిరుతపులి కాదు, కళ్ళ నుంచి నోటి దాకా కాటుక కారినట్టు నల్లటి చారలుండేది. పక్కన మూడు పిల్లలు, వాటి వీపు మీద బూడిద రంగు జూలు ఇంకా రాలలేదు. డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు. గడ్డి మీద మంచు ఇంకా తడితడిగానే ఉంది. ఒక పిల్ల పుట్ట మీద నుంచి జారి కింద పడి అరిచింది, అచ్చం పిట్ట కూసినట్టుంది ఆ అరుపు, నేను నిజంగానే చెట్టు మీద పిట్ట కోసం తలెత్తి చూశాను. తల్లి అటు తిరగలేదు. దూరంగా మేస్తున్న జింకల గుంపునే చూస్తోంది, మెడ ముందుకి చాచి, ఒక కాలు ఎత్తిపెట్టి. మా ఆయన కెమెరా పట్టుకుని ఊపిరి బిగబట్టారు. అప్పుడు డ్రైవర్ మెల్లగా వెనక్కి తిరిగి తన వాచీ చూపించాడు. 9:20 అయింది, గేటుకి అరగంట పైనే పట్టొచ్చు, ఉంటారా వెళ్దామా అని అడిగాడు. ఉంటే ఇద్దరికీ 400 డాలర్లు.

వెళ్ళిపోయాం. ఆ చీతా వేటాడిందో లేదో మాకు తెలీదు.

ఇప్పుడైతే ఆఖరి రోజుని పూర్తి టికెట్ రోజుగా పెట్టుకుని, ఆ సాయంత్రం 6 దాకా లోపలే తిరిగి, రాత్రికి గేటు బయట క్యాంపులో పడుకుని మర్నాడు నైరోబీకి వెళ్ళేదాన్ని. అంటే మొదటి రాత్రి బయట, చివరి రాత్రి బయట, మధ్యలో రెండు నిండు రోజులు. మేము కట్టిన మూడు టికెట్లలో ఒకటి మిగిలేది, లోపల గడిపే సమయం ఆరేడు గంటలే తగ్గేది, పైగా వాచీ చూసుకోనక్కర్లేదు. ఇలాంటి నిబంధనలూ రేట్లూ ఎప్పుడైనా మారతాయి, మీరు వెళ్ళే నెలకి ఏది అమల్లో ఉందో మెయిల్‌లో రాయించుకోండి, ఫోన్లో చెప్పినదాన్ని లెక్కలోకి తీసుకోకండి.

కొటేషన్ వచ్చాక దానికి తిరుగు మెయిల్ పెట్టండి

కొటేషన్ చూడగానే ధర బాగుంది కదా అని అడ్వాన్స్ పంపేయకండి. ఇవి అడగండి: పార్కు ఫీజు ఎన్ని రోజులకి, ఏ తేదీల రేటుతో వేశారు? జీఎస్టీ, టీసీఎస్ (ట్రావెల్స్ వాళ్ళు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను) కలిపే ఇచ్చారా? బండి మా ఇద్దరికేనా, వేరేవాళ్ళతో కలిపా? ఏ బండి? ఏ రోజు ఎన్ని గంటలకి ఎక్కడ ఉంటాం? భోజనంతో పాటు తాగే నీళ్ళు వస్తాయా? నైవాషా సరస్సు మీద పడవ ఖర్చు ఉందా? మాకు ఈ చివరి ప్రశ్న తట్టలేదు, ప్రోగ్రామ్ కాగితంలో ‘బోటింగ్’ అని ఉంటే ప్యాకేజీలోదే అనుకున్నాం, ఒడ్డుకి వెళ్ళాక డబ్బులడిగారు. అది పడవకి గంటకి ఇంత అని ఉంటుంది, మనిషికి కాదు, అందుకని ఇంకో జంట ఉంటే కలిసి ఎక్కితే సగం పడుతుంది.

బండి విషయంలో నా మాట వినండి. పైకప్పు లేచే వ్యాన్ చవక, ల్యాండ్ క్రూజర్ ఖరీదు. ఆరేడుగురు కలిసి వెళ్ళే షేరింగ్ బండి ఇంకా చవక, కానీ అందులో ఒకరికి సింహం చాలు, ఇంకొకరికి పక్షులు కావాలి, మీకు చీతా దగ్గర ఇంకో అరగంట ఉండాలనిపిస్తుంది, ఓటింగ్ పెట్టుకోవాల్సి వస్తుంది. సఫారీలో మీరు నిజంగా కొనుక్కునేది ఆగగలిగే హక్కే. గది తగ్గించుకోండి, స్విమ్మింగ్ పూల్ ఉన్న లాడ్జి మానుకోండి, బండి మాత్రం మీ ఇద్దరికే ఉండేలా చూసుకోండి. మా ఖర్చులో నేను ఒక్కసారి కూడా బాధపడనిది ఆ బండికి పెట్టినదే.

నైరోబీ నుంచి సెకెనానీ గేటు సుమారు 270 కిలోమీటర్లు, మాయి మాహియూ, నరోక్ మీదుగా వెళ్తారు. దారిలో రిఫ్ట్ లోయ కనబడే చోట ఆపుతారు, తప్పకుండా దిగండి, నేల అంతా ఒక్కసారిగా కిందికి దిగిపోయినట్టు ఉంటుంది. విల్సన్ ఎయిర్‌పోర్ట్ నుంచి చిన్న విమానంలో అయితే ముప్పావు గంట. కానీ దాంట్లో చేతి సంచితో కలిపి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగే, చక్రాల గట్టి సూట్‌కేసు ఒప్పుకోరు. మొదటిసారి అయితే రోడ్డు మీదే వెళ్ళండి, ఆ దేశం కూడా కాస్త కనబడుతుంది.

‘కన్జర్వెన్సీ’ అన్న మాట కొటేషన్‌లో ఉంటే గమనించండి. నబోయిషో, ఒలారే మొటొరోగీ, మారా నార్త్ లాంటివి రిజర్వ్‌ని ఆనుకుని మసాయి తెగవాళ్ళ సొంత భూముల్లో నడిచేవి. బండ్లు తక్కువ, రాత్రి పూట కూడా తిప్పుతారు, చాలా ప్రశాంతంగా ఉంటుంది. కానీ ఫీజు వేరు, అక్కడి నుంచి రిజర్వ్‌లోకి రావాలంటే మళ్ళీ రిజర్వ్ టికెట్ వేరు. రెండూ కలిపి లెక్కేస్తేనే అసలు ధర తెలుస్తుంది.

సూదులూ కాగితాలూ

కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసి ఈటీఏ (ముందే ఆన్‌లైన్లో తీసుకునే ప్రవేశ అనుమతి) పెట్టింది, ఫీజు 30 డాలర్లు, పైన కార్డు చార్జీ కొంత. ప్రభుత్వ సైట్ చిరునామా చివర ‘గో డాట్ కేఈ’ అని ఉంటుంది. గూగుల్లో వెతికితే పైన వచ్చేవి చాలావరకు ఏజెంట్లవి, అదే పనికి ఇంకా ఎక్కువ లాగుతాయి.

ఎల్లో ఫీవర్ టీకా మాత్రం మర్చిపోవద్దు. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే అడుగుతారు, సర్టిఫికెట్ లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకి ఉంది. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, కాబట్టి బయల్దేరే ముందు వారంలో పరిగెత్తితే లాభం లేదు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ఏ రోజుల్లో వేస్తున్నారో కనుక్కుని పాస్‌పోర్టుతో వెళ్ళండి. వేరే ఊళ్ళ వాళ్ళు కేంద్ర ఆరోగ్య శాఖ గుర్తించిన కేంద్రాల జాబితా చూసుకుని వెళ్ళండి, మామూలు క్లినిక్‌లో వేయించుకున్న కాగితం పనికిరాదు. ఇది లైవ్ వ్యాక్సిన్, అంటే బలహీనపరిచిన బతికున్న వైరస్‌తో చేసింది. గర్భంతో ఉన్నా, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా, గుడ్డు అలర్జీ ఉన్నా డాక్టర్‌కి ముందే చెప్పండి. జంటగా వెళ్ళేవాళ్ళు తేదీలు అనుకునేటప్పుడే మాట్లాడుకోవాల్సిన విషయం ఇది. మలేరియా మాత్రల సంగతి కూడా అదే రోజు అడిగేయండి, కొన్ని ప్రయాణానికి ముందు మొదలుపెట్టి వచ్చాక కూడా వేసుకోవాలి.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు అడవి నుంచి విమానంలో తరలించే ఖర్చు ఉందా అని చూడండి. పెద్ద ఆసుపత్రి ఉండేది నైరోబీలో, మారా నుంచి రోడ్డు మీద ఐదారు గంటలు. ఒక్కటంటే ఒక్క చోట కూడా తగ్గించకూడని ఖర్చు ఇదే.

పన్నులూ డాలర్లూ

మా కొటేషన్‌లో చివర చిన్న అక్షరాల్లో ‘పన్నులు అదనం’ అని ఉంది. అప్పట్లో ప్యాకేజీ మీద 5 శాతం జీఎస్టీ, ఆ పైన 5 శాతం టీసీఎస్ ఉండేవి, రెండూ కలిపి మాకు 26 వేలు అయింది. జీఎస్టీ పోయినట్టే. టీసీఎస్ మాత్రం మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు, పన్ను లేకపోతే వెనక్కి తెచ్చుకోవచ్చు. శాతాలు బడ్జెట్‌కి బడ్జెట్‌కి మారుతుంటాయి, మీ రోజుకి ఎంతో అడగండి. ఇద్దరిలో ఎవరి పాన్ ఇవ్వాలో కూడా ఆలోచించుకుని ఇవ్వండి, రిటర్న్ తప్పకుండా వేసేవాళ్ళది ఇవ్వడం మంచిది.

మామూలు క్రెడిట్ కార్డు విదేశాల్లో గీకితే చాలావాటికి మూడున్నర శాతం దాకా చార్జీ, దాని మీద మళ్ళీ జీఎస్టీ. ఫారెక్స్ కార్డు గానీ, ఆ చార్జీ లేని కార్డు గానీ ముందే తీసుకోండి. మెషిన్ మీద ‘రూపాయల్లో కట్టాలా’ అని అడిగితే వద్దనండి, వాళ్ళ రేటుతో మార్చేస్తారు. నగదుగా కొన్ని డాలర్లు కొత్త నోట్లే తీసుకెళ్ళండి, 2009కి ముందు అచ్చయినవి, చిరిగినవి, పెన్ను గీతలున్నవి చాలాచోట్ల తీసుకోరు. ఐదు, పది డాలర్ల నోట్లు ఎక్కువ ఉండాలి, టిప్పులకి వంద నోటు పనికిరాదు.

సర్దుకోవడం

హైదరాబాద్ నుంచి మేము ముంబై మీదుగా వెళ్ళాం. రెండూ ఒకే టికెట్ మీద తీసుకోండి. విడివిడిగా కొంటే ముంబై దాకా దేశీయ విమానం బరువు లెక్కే చూస్తారు, అక్కడే అదనపు సామాను డబ్బులు కట్టించుకుంటారు.

కెన్యాలో ప్లాస్టిక్ కవర్లు 2017 నుంచి నిషేధం, పార్కుల్లోకి నీళ్ళ ప్లాస్టిక్ సీసాలు కూడా 2020 నుంచి తీసుకెళ్ళకూడదు. చెప్పులకీ బట్టలకీ మనం అలవాటుగా చుట్టే కవర్లన్నీ ఇంట్లోనే తీసేసి గుడ్డ సంచులు పెట్టుకోండి. ఇద్దరికీ చెరో స్టీలు సీసా ఉంటే, క్యాంపులో నింపుకుని నీళ్ళ ఖర్చు మిగిలించుకోవచ్చు.

ఆఫ్రికా అంటే ఎండ అనుకుని మేము పల్చటి బట్టలే సర్దాం. మారా సముద్ర మట్టానికి 1,500 మీటర్ల పైన ఉంటుంది, జూలైలో పైకప్పు తెరిచిన బండిలో తెల్లవారుజామున చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. దారిలో రెండు జాకెట్లు కొన్నాం, ఇంట్లో బీరువా నిండా స్వెట్టర్లు ఉండగా. ‘సఫారీ బట్టలు’ అని అమ్మే ఖాకీ చొక్కాలేమీ కొనకండి, ఉన్నవాటిల్లోనే మట్టి రంగువి, బూడిద రంగువి వేసుకోండి, ముదురు నీలం, నలుపు వద్దు, వాటికి కుట్టే త్సెత్సె ఈగలు వాలతాయంటారు అక్కడివాళ్ళు.

కెమెరా లెన్స్ కొనకండి, హైదరాబాద్‌లో అద్దెకి దొరుకుతాయి. బైనాక్యులర్ మాత్రం ఇద్దరికీ ఒకటి చాలదు, రెండు కావాలి. దూరంగా చెట్టు మీద చిరుత ఉందని ఒకరు చూస్తుంటే ఇంకొకరు ‘ఇటివ్వు, ఇటివ్వు’ అంటూ ఉంటే అది దిగిపోతుంది. ప్లగ్గు అక్కడ మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ రకం, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి. తిండికి భయం లేదు, రైలు మార్గం వేసిన రోజుల నుంచి మనవాళ్ళు అక్కడ ఉన్నారు, చపాతీ, సమోసా అక్కడి సొంత వంటలయిపోయాయి. కారప్పొడి డబ్బా ఒకటి ఉంటే చాలు.

అక్కడికి చేరాక చేతిలోంచి జారే డబ్బు

టిప్పు ఇష్టముంటే ఇచ్చేది అనుకోకండి, అది అక్కడి జీతంలో భాగం లాంటిది. డ్రైవరే మీ గైడు, తెల్లవారి ఐదింటి నుంచి మీకోసం కళ్ళు చించుకుని చూస్తాడు. రోజుకి 10 నుంచి 20 డాలర్లు ఇద్దరి తరఫున అని లెక్క పెట్టుకోండి, క్యాంపుల్లో అందరికీ కలిపి ఒక పెట్టె ఉంటుంది, దాంట్లో కొంత. మాకు మొత్తం 120 డాలర్లయింది, ఒక్క డాలరు కూడా ఎక్కువ అనిపించలేదు. ఆయన్ని మాత్రం దారి తప్పించి గడ్డిలోకి పోనివ్వమని, ఇంకా దగ్గరికి పోనివ్వమని ఒత్తిడి చేయకండి. జరిమానా పడేది ఆయనకి, పోయేది ఆయన పని.

దారిలో బాత్రూం కోసం ఆపే ప్రతి చోటా బొమ్మల దుకాణం ఉంటుంది. చెప్పిన ధరలో మూడో వంతు దగ్గర బేరం మొదలుపెట్టొచ్చు, కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు. మసాయి ఊరు చూపిస్తామంటారు, మనిషికి 20, 30 డాలర్లు, అది ప్యాకేజీలో ఉండదు. వెళ్తే ఆ డబ్బు ఊరికి ఎలా చేరుతుందో అడిగి వెళ్ళండి. భోజనం ప్యాకేజీలో ఉన్నా జ్యూసులు, కూల్ డ్రింకులు, బీరు గదికి రాసేస్తారు, ఖాళీ చేసే రోజు బిల్లు వస్తుంది.

పైనుంచి జంతువుల్ని చూపించే బెలూన్ ప్రయాణం మనిషికి 450 నుంచి 500 డాలర్ల దాకా ఉంటుంది. చాలా బాగుంటుందట, మేము ఎక్కలేదు. ఇద్దరి బెలూన్ డబ్బుతో ఖరీదైన నెలల్లో కూడా ఇద్దరికీ ఇంకో రెండు రోజుల పార్కు టికెట్లు వస్తాయి. మొదటిసారికి నేనైతే నేల మీదే ఇంకో రోజు ఉంటాను.

కవర్ల పద్ధతి

ఇది మేము ఆలస్యంగా, నైవాషాలో మొదలుపెట్టాం, మీరు ఇంటి దగ్గరే పెట్టండి. మూడు కాగితం కవర్లు తీసుకోండి. ఒకదాంట్లో టిప్పులు, ఒకదాంట్లో చిల్లర ఖర్చులు, మూడోదాంట్లో అనుకోనివి. మూడో కవర్లో మొత్తం ప్రయాణం ఖర్చులో పదో వంతు ఉండాలి, నగదు కాకపోయినా కార్డులో విడిగా. దాన్ని ఎప్పుడు విప్పాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలి, విప్పాక మళ్ళీ దాని గురించి మాట్లాడకూడదు. ఇంకా, ఒక్కొక్కరూ తమకి అన్నిటికన్నా కావాల్సినదేంటో ఒక్కటి ముందే చెప్పుకోండి. మా ఆయనకి చీతా ఫోటో, నాకు ఏనుగుల గుంపు దగ్గర కదలకుండా గంట సేపు కూర్చోవడం. ఆ ఒక్కదాని కోసం అయ్యే ఖర్చుకి రెండో మనిషి అడ్డు చెప్పకూడదు. ఆ జూలై 3 ఉదయం ఈ మాట మా మధ్య ముందే అనుకుని ఉంటే, డ్రైవర్ వాచీ చూపించినప్పుడు మేము ఆగేవాళ్ళం, 400 డాలర్లు పెట్టి అయినా. పెట్టగలిగేవాళ్ళమే, ఎవరు ముందు అనాలో తెలియక ఇద్దరం ఊరుకున్నాం.

తిరిగొచ్చాక

ముంబైలో దిగగానే ఇమిగ్రేషన్ కన్నా ముందే ఆరోగ్య శాఖ వాళ్ళు ఎల్లో ఫీవర్ కార్డు అడిగారు, కాబట్టి చెక్ఇన్ సామాన్లలో పెట్టకండి. అద్దె లెన్స్ మర్నాడే ఇచ్చేయండి, రోజు దాటితే ఇంకో రోజు అద్దె. పన్ను రిటర్న్ వేసే ముందు టీసీఎస్ 26ఏఎస్‌లో (ఆదాయపు పన్ను సైట్‌లో మీ పాన్ మీద జమలు చూపే పట్టికలో) కనబడుతోందో లేదో చూసుకోండి, కనబడకపోతే ట్రావెల్స్ వాళ్ళకి మెయిల్ పెట్టండి, మాది రెండు మెయిళ్ళ తర్వాత వచ్చింది. వచ్చిన 13 వేలు కొత్త చీటీకి మొదటి వాయిదాగా కట్టాం.

ఆ పసుపు కార్డు పారేయకండి, ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. మావి రెండూ పాస్‌పోర్టుల కవర్లోనే ఉన్నాయి.